గెర్షోన్ ముట్టుకోకూడని వైను

గురువారం పొద్దున్నే గెర్షోన్ ఒహానా ఏలకుల కాఫీ తాగుతూ ఆ రోజు పనులు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. తొమ్మిదింటికి యూదు గురువు రబ్బీ అవీగ్దోర్ వచ్చి ట్యాంకులోంచి దేవుడి వంతు తీసి నేలపాలు చేస్తాడు. పదింటికల్లా ఆ నేల కడిగేయాలి. పదకొండింటికి కోపెన్‌హాగన్ నుంచి బిర్గిట్టె అనే వ్యాపారస్తురాలు వైను రుచి చూడ్డానికి వస్తుంది. ఆవిడ కంట ఆ పారబోత పడకూడదు, అంతే.

ఆవిడకి నచ్చితే ట్యాంకులోని ఆరువేల లీటర్లూ గెర్షోన్ పేరున్న సీసాల్లోకి వెళ్తాయి. నచ్చకపోతే ఆదివారం తీపి వైను కంపెనీ లారీ వచ్చి పట్టుకుపోతుంది. వాళ్ళు చక్కెర కలిపి వాళ్ళ పేరుతో అమ్ముకుంటారు. గలిలయ కొండల్లో ఇంత మంచి వైను చేస్తున్నా పదేళ్ళుగా అదే తంతు. ఈసారి గెర్షోన్ తెగించి లేబుళ్ళు ముందే అచ్చు వేయించాడు. ఆ పెట్టెలన్నీ వంటింట్లో ఉన్నాయి. "కూర్చుని ఉల్లిపాయలు తరుక్కోవడానికి ఎత్తు సరిగ్గా సరిపోయింది," అంది భార్య ఫ్రేహా.

రబ్బీ తొమ్మిదింటికి రాలేదు. పై ఊళ్ళో ఇంకెవరిదో పీపా మూత బిగుసుకుపోతే అక్కడ ఆగి, పదింటికి వచ్చాడు. రోడ్డు ఖాళీగా దొరకడంతో బిర్గిట్టె కూడా పదింటికే దిగింది. గెర్షోన్ ఇంట్లో చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. పిలిచినా ఎవరూ పలక్కపోతే ఆవిడ షెడ్డు వెనక్కి వెళ్ళింది. అక్కడ తెల్లగడ్డం పెద్దాయన ఒకడు కళ్ళు మూసుకుని ఏదో గొణుగుతూ, లావుపాటి పైపుతో ఎర్రటి వైనుని రాళ్ళ మీదకి వదిలేస్తున్నాడు. పక్కనే ఫ్రేహా చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

"ఎందుకు పారబోస్తున్నారు?" అని అడిగింది బిర్గిట్టె.

ఫ్రేహాకి వచ్చిన ఇంగ్లీషు ఓ ఇరవై మాటలు. వాటిల్లోంచి ఏరుకుని, "ఇది తాగకూడదు. ఎవ్వరూ తాగకూడదు. తప్పు," అంది.

బిర్గిట్టె సంచిలోంచి నోటుపుస్తకం తీసింది.

గెర్షోన్ సగం బొత్తాలు పెట్టుకున్న చొక్కాతో పరిగెత్తుకొచ్చాడు. "అది మంచి వైనేనండీ. మా దగ్గరున్నదాంట్లోకెల్లా మంచిది."

"మరి పారబోస్తున్నారే?"

"మంచిదైనా పారబోయాలండీ. నూటికి ఒక వంతు, పైన ఇంకాస్త. పూజారులకి ఇవ్వాల్సింది."

"ఇక్కడ పూజారులు లేరా?"

"ఎందుకు లేరు? పక్కింటి కోహెన్‌ది పూజారి వంశమే. ట్రాక్టరు తోలుతాడు."

"అయితే ఆయనకే ఇచ్చేయొచ్చుగా."

"ఆయన తాగకూడదండీ. మడి లేదు. రెండువేల ఏళ్ళ క్రితం మా గుడి కూలినప్పటి నుంచీ ఎవరికీ లేదు."

'ట్రాక్టరు డ్రైవరు తాగకూడదు' అని బిర్గిట్టె రాసుకుంది. అది ఒక్కటే ఆవిడకి సబబుగా తోచింది.

ఒక్క గుక్క తాగితే ఇదంతా మర్చిపోతుందని గెర్షోన్ ఆవిణ్ణి షెడ్డులోకి, ట్యాంకు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ గ్లాసు చాపింది. అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నేను ముట్టుకోకూడదండీ."

"ఈ వైను చేసిందెవరు?"

"నేనే. చెయ్యి పెట్టకుండా, చెప్పి చేయించి."

"షెడ్డు ఎవరిది?"

"నాదే."

"మరి ముట్టుకోవద్దన్నదెవరు?"

గెర్షోన్ తలుపులోంచి తెల్లగడ్డం వైపు చూపించాడు.

"అంత తప్పు ఏం చేశారు?"

"శనివారం మాకు ఏ పనీ చేయకూడని రోజు. నేను కారు నడుపుతానండీ."

మొగుడికి సాయం చేద్దామని ఫ్రేహా అందుకుంది. "ప్రతి శనివారం. హైఫా దాకా. ఫుట్‌బాల్. నన్ను తీసుకెళ్ళడు."

"ఇంకో పది లీటర్లు పారబోస్తే అయిపోతుంది, నేనొచ్చి పట్టిస్తా," అని రబ్బీ బయటినుంచి కేకేశాడు. ముసలాయన చేత పని చేయించుకోవడం బిర్గిట్టెకి ఇష్టం లేకపోయింది. వంగి, కొళాయి తనే తిప్పి, అరగ్లాసు పట్టుకుంది.

గెర్షోన్ వద్దని చెయ్యెత్తేలోపే అయిపోయింది. బిర్గిట్టె మాత్రం ప్రశాంతంగా తాగింది.

"చాలా బావుంది. మొత్తం ఆరువేలూ తీసుకుంటాను," అంది.

పదేళ్ళుగా ఎదురుచూసిన మాట అది. గెర్షోన్ రబ్బీ మొహం చూశాడు. రబ్బీ అప్పటికే పైపు కట్టేసి లోపలికొచ్చి, పైవాళ్ళకి ఫోన్ చేస్తున్నాడు. రెండు నిమిషాలు విని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఆచారం ప్రకారం శుద్ధమని వేసే కోషర్ ముద్ర దీనికింక పడదు, గెర్షోన్. శనివారం నియమం పాటించే మనవాళ్ళు తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. నీకు తెలియంది కాదు."

"అరగ్లాసే కదా, రబ్బీ గారూ."

"గ్లాసు సంగతి కాదు నాన్నా, కొళాయి సంగతి. అది తిప్పితే ట్యాంకు మొత్తం ముట్టుకున్నట్టే."

విషయం చెప్పగానే బిర్గిట్టె నోటుపుస్తకం మూసేసింది. "ముద్ర లేకపోతే నాకొద్దండీ. మా ఊళ్ళో కొనేవాళ్ళకి మీ ఆచారాలేవీ తెలీవు. ఆ ముద్ర ఉంటే, ఎవరో పెద్దాయన దగ్గరుండి చూశాడని ఒక ధీమా. ఈమధ్య దానికే గిరాకీ."

"ఆదివారం లారీ కూడా రాదింక," అంది ఫ్రేహా నెమ్మదిగా. "వాళ్ళకీ ముద్రే కావాలిగా."

చేసిన పనికి బిర్గిట్టె నిజంగానే నొచ్చుకుంది. "ముద్ర ఉన్నది ఇంకేదీ లేదా?"

రబ్బీ గొంతు సవరించుకున్నాడు. మూలనున్న చిన్న పీపా మీద గోనెపట్టా తీశాడు. ఊరి ప్రార్థన మందిరం కోసం ఏటా ఆయన తన చేత్తో చేసే తీపి వైను అది.

"అది వైను కాదండీ, దగ్గుమందు," అన్నాడు గెర్షోన్.

రబ్బీ తనే గ్లాసులో పోసి ఇచ్చాడు. బిర్గిట్టె తాగి, కళ్ళు మూసుకుని, ఇంకోసారి చాపింది. "మా అమ్మమ్మ ఇంట్లో తాగినట్టుంది. పీపా మొత్తం ఇవ్వండి. వచ్చే ఏడు నలభై పీపాలు చేయండి. సీసా మీద ఎవరి పేరు వేస్తారు?"

"నా పేరొద్దు," అన్నాడు రబ్బీ సిగ్గుపడుతూ.

"లేబుళ్ళు మా వంటింట్లో ఉన్నాయి," అంది ఫ్రేహా. "కాస్త ఉల్లి వాసన, అంతే."

అలా గెర్షోన్ ఒహానా పేరు, అతనికి గిట్టని వైను మీదెక్కి డెన్మార్కు ప్రయాణమైంది. వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక అతను షెడ్డులోకి వచ్చి, అలవాటుగా చుట్టూ చూసి, పదేళ్ళలో మొదటిసారి తన ట్యాంకు కొళాయి తన చేత్తో తిప్పి నిండా ఒక గ్లాసు పట్టుకున్నాడు. ఇప్పుడు దాన్ని ముట్టుకోవద్దనేవాళ్ళు లేరు, కొంటామనేవాళ్ళూ లేరు.