మంగళవారం ఎనిమిది గంటల దొంగ

ఆ మంగళవారం ఉదయం ఆర్విడ్ పెట్టుకున్న పని చాలా చిన్నది. పాత వార్తాపత్రికలు నేలమాళిగలోని చెత్తగదిలో పడేసి, ఎవరి కంటా పడకుండా పైకి వచ్చెయ్యాలి. స్వీడన్‌లో, గోథెన్‌బర్గ్ నగరంలోని ఆ భవనంలో ఇల్లు దాటడానికి ఒక పద్ధతి ఉంది. ముందు తలుపుకున్న కంటిరంధ్రంలోంచి చూడాలి. మెట్ల మీద పొరుగువాళ్లెవరైనా ఉంటే, వాళ్లు పోయేదాకా బూట్లు వేసుకుని తలుపు వెనకే నిలబడాలి. ఎదురుపడితే పలకరించాల్సి వస్తుంది, ఆ ఇబ్బంది ఎదుటివాళ్లకు కలిగించడం మర్యాద కాదు. ఆర్విడ్ పదకొండు నిమిషాలు మర్యాదగా నిలబడ్డాడు.

కింద, భవనంలో అందరూ వంతులవారీగా వాడుకునే బట్టలు ఉతికే గది ముందు అతని కాళ్లు ఆగిపోయాయి. గోడకున్న పలకలో ఎవరి వంతు గడికి వాళ్లు తమ ఇంటి నంబరు తాళం తగిలించుకుంటారు. అందులో మంగళవారం ఎనిమిది గంటల గడిలో, ఏడో నంబరు తాళం వేలాడుతోంది. ఏడో నంబరు తన ఇల్లే. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ సమయం అతని భార్య గున్వర్‌ది. ఆమె పోయి ఎనిమిది నెలలైంది. ఆ తాళం ఏమైందో అతను వెతకలేదు. ఉన్నవాటిలో రెండు చొక్కాలు వంటింటి సింకులో జాడించుకుంటూ రోజులు నెట్టుకొస్తున్నాడు. లోపల యంత్రం తిరుగుతున్న చప్పుడు వినిపించింది. ఈ భవనంలో ఆమెది అంటూ మిగిలింది ఆ ఒక్క గడే. దాన్నీ ఎవరో కాజేశారు.

తలుపు తోసి "ఎవరు మీరు?" అని అడిగితే అక్కడితో అయిపోయేది. కానీ మనిషిని మొహం మీద అడగడం ఆ భవనంలో లేదు. అక్కడ చీటీ అంటిస్తారు. ఆర్విడ్ ఇంటికెళ్లి మూడు కాగితాలు చింపి నాలుగోదాని మీద రాశాడు: "చనిపోయినవాళ్ల సమయం దొంగిలించేవాళ్లకు సిగ్గుండాలి. నేను చూస్తున్నాను." సంతకం పెట్టకుండా తీసుకెళ్లి ఆ గది తలుపుకు అంటించాడు. తిట్టేవాడు పేరు చెప్పుకోడు కదా.

సాయంత్రానికి దాని పక్కన ఇంకో మూడు చీటీలు మొలిచాయి. "యంత్రంలో నూగు తియ్యని మాట నిజమే, దానికి చావుల దాకా వెళ్లాలా?" అని ఒకటి. "ఆ మేజోడు పోయినేడాదే తిరిగిచ్చేశాను" అని ఇంకొకటి. మూడోది భవన సంఘం అధ్యక్షురాలు బెరిత్‌ది: "చూస్తున్నావు సరే, ఎక్కణ్నుంచి?" ఆ ఒక్కదానికే కింద పేరు, తేదీ, ఫోన్ నంబరు ఉన్నాయి. చిన్నాచితకా తప్పులు చేసినవాళ్లంతా బయటపడ్డారు, దొంగ తప్ప.

ఆర్విడ్‌కి పంతం పట్టుకుంది. శుక్రవారాలు అతనూ గున్వర్ సోఫాలో కూర్చుని నేరాల సినిమాలు చూసేవారు. రెండు గంటలపాటు ఒకడు కారులో కూర్చుని ఎవరి కిటికీ వంకో చూడటం తప్ప ఏమీ జరగని సినిమాలు. "వీడికి ఇంట్లో పనేం లేదా?" అనేది గున్వర్. ఇప్పుడు ఆర్విడ్‌కి నిజంగానే ఇంట్లో పనేం లేదు. నోటుపుస్తకం ఒకటి కొన్నాడు. ఎవరు ఏ బుట్టతో దిగారో, ఎప్పుడు ఎక్కారో వారమంతా కంటిరంధ్రంలోంచి చూసి రాసుకున్నాడు. కంటి చుట్టూ గుండ్రంగా ఎర్రటి చార పడింది.

సోమవారం మధ్యాహ్నం మరో అడుగు ముందుకేశాడు. వేసవి ఇంట్లో పిట్టగూడు దగ్గర గున్వర్ పెట్టుకునే కెమెరాను తెచ్చి బట్టలు ఉతికే గదిలో సబ్బుపొడి డబ్బాల మధ్య దాచాడు. ఏదైనా కదిలితే అదే ఫొటో తీసి ఫోనుకు పంపుతుంది. అయితే గున్వర్ పక్షి ప్రేమికుల సంఘంలో సభ్యురాలు. ఆ కెమెరా తీసే ప్రతి ఫొటో సంఘంలోని నలభై ఒక్క మందికీ వెళ్లేలా ఆమె ఎప్పుడో ఏర్పాటు చేసుకుంది. ఆ సంగతి ఆర్విడ్‌కి తెలియదు.

మంగళవారం ఏడున్నరకే, కెమెరా మీద పూర్తి నమ్మకం లేక, కాఫీ ఫ్లాస్కుతో వెళ్లి ఆ గది మూలలో ఎవరో ఆరేసిన దుప్పట్ల వెనక నక్కాడు. ఎనిమిదికి తలుపు తెరుచుకుంది. వచ్చింది నాలుగో అంతస్తులో ఉండే తూవా. ముప్పై నిండని పిల్ల, ట్రామ్ నడుపుతుంది. చేతిలో గున్వర్ తాళంచెవి ఉంది. ఒకే ఒక్క టవలు యంత్రంలో పడేసి మీట నొక్కింది. స్టూలు మీద కూర్చుని, తిరిగే టవలు వంక చూస్తూ ఉండిపోయింది.

ఒక్క టవలు కోసం దొంగతనమా? ఆర్విడ్ ఇంకాస్త ముందుకు వంగాడు. అంతలో తలుపు దభాలున తెరుచుకుంది. ఇంట్లో వేసుకునే గౌనుతోనే బెరిత్ దూసుకొచ్చింది, చేతిలో ఫోను.

"ఎవడా వెధవ? నిన్న సాయంత్రం నుంచి, ఇక్కడ ఆరేసిన నా పొడుగు లాగులు పక్షుల సంఘం మొత్తానికి వెళ్తున్నాయి! ఇది ఏ కొంగ రెక్క అని ఒకాయన నన్నే అడుగుతున్నాడు!"

"పక్షుల సంఘానికా?" తూవా లేచి నిలబడింది.

"నేనూ అందులో ఉన్నా కాబట్టి తెలిసింది." ఫోను టింగుమంది. బెరిత్ కళ్లద్దాలు సర్దుకుని చూసింది. దుప్పటి, దాని పక్కన ఒక ముక్కు, ఒక ఫ్లాస్కు. "ఇది కొంగ కాదు. ఆర్విడ్, బయటికి రావయ్యా."

ఆర్విడ్ దుప్పటితో సహా బయటికి వచ్చాడు. పరువు ఎలాగూ పోయింది, నిజమైనా గెలుస్తుందని వేలు చూపించాడు. "దొంగ ఈ పిల్ల! మా ఆవిడ సమయం కాజేస్తోంది!"

"కాజెయ్యట్లేదండీ, కాపలా కాస్తున్నా," అంది తూవా. "మూడు వారాలు వాడకపోతే ఆ టైము వేరేవాళ్లకిచ్చేస్తారుగా. ఆసుపత్రికి వెళ్లేముందు గున్వర్ గారు తాళం నా చేతిలో పెట్టారు. 'మా ఆయనకి బట్టలు ఉతుక్కోవాలని తోచేదాకా దీన్ని పోనియ్యకే' అన్నారు."

"ఎనిమిది నెలల నుంచీనా?"

"మంగళవారాలు మధ్యాహ్నం డ్యూటీ వేయించుకున్నా."

ఆర్విడ్ గొంతు తగ్గింది. "ఆ చీటీ... చూశావా?"

"మీ చేతిరాత నాకు తెలుసండీ. బెంగతో రాశారులే అని ఊరుకున్నా."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"రెండుసార్లు బెల్లు కొట్టాను. కంటిరంధ్రంలో చీకటి పడింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు."

ఆర్విడ్‌కి తల కొట్టేసినట్టయింది. ఆ రెండుసార్లూ అతనికి గుర్తున్నాయి. చేతిలో దాల్చినచెక్క రొట్టెల పొట్లంతో నిలబడ్డ పిల్లను అవతల నుంచి చూస్తూ, ఎప్పుడు పోతుందా అని ఊపిరి బిగబట్టాడు. భూమిలోకి కుంగిపోతే బాగుండనిపించింది, కానీ అతను అప్పటికే నేలమాళిగలో ఉన్నాడు.

"నన్ను క్షమించమ్మా," అన్నాడు. "నీకు ముఖం చూపించడానికి కూడా సిగ్గుగా ఉంది."

బెరిత్ ఫోను గౌను జేబులో పెట్టుకుంది. "సిగ్గు నీకొక్కడికేనా? ఎనిమిది నెలలుగా అవే రెండు చొక్కాలతో తిరుగుతున్నావని అందరం రంధ్రాల్లోంచి చూశాం. ఒక్కళ్లం కూడా తలుపు తీసి అడగలేదు." ఆమె గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "ఆ నలభై ఒక్క మందికీ క్షమాపణ రాయి. ఈసారి సంతకం పెట్టు."

ఆమె వెళ్లాక తూవా గడియారం చూసింది. "మీ టైము ఇంకా రెండు గంటలుంది. బట్టలు పట్రండి."

ఆర్విడ్ మూడు సంచులు మోసుకొచ్చాడు. తెల్లవీ నల్లవీ, వాటిలో కలిసిపోయిన గున్వర్ ఎర్ర శాలువా, అన్నీ ఒకేసారి యంత్రంలో కుక్కాడు. ఏ మీట నొక్కాలో తూవా చూపించింది. శాలువా ఆమె కంట పడింది, కానీ ఆ పూట ఆయన్ని ఇంకొక్క మాట అనడానికి ఆమెకు మనసొప్పలేదు. ఇద్దరూ పక్కపక్కన స్టూళ్ల మీద కూర్చుని ఫ్లాస్కులో కాఫీ తాగారు.

ఆ రోజు నుంచి ఆర్విడ్ చొక్కాలన్నీ లేత గులాబీ రంగులో ఉన్నాయి. భవనంలో ఎవరూ చూడనట్టే ఉన్నారు.