తోరణం ఎవరు దింపాలి?

ఆ పొద్దున ఓకో కొత్త బూట్లు తొడుక్కుని, జేబులో ట్రియర్ పట్నం పటం పెట్టుకుని అద్దె ఇంటి వంటగదిలోకి వచ్చాడు. భార్య ఫెన్నా టీ పోస్తోంది. కప్పులో కలకండ ముక్క వేసి, దాని మీద వేడి టీ పోసి, అది చిటపటమనగానే అంచు వెంబడి కాస్త మీగడ జారవిడిచింది. ఉత్తర సముద్రం పక్క పల్లెల్లో పుట్టినవాళ్ళకి మూడు కప్పులు పడందే కాలు కదలదు. మోజెల్ నది ఒడ్డుకి విహారానికి వచ్చినా అంతే.

"ఇవాళ ట్రియర్," అన్నాడు ఓకో ఉత్సాహంగా. "రోమన్ల నల్ల కోటగుమ్మం! దాదాపు రెండువేల ఏళ్ళది. మన గొడ్లచావిడి తలుపు రెండేళ్ళు నిలవదు."

"రేపూ ఎల్లుండీ నావి," అంది ఫెన్నా. "మాట తప్పావంటే నిన్ను ఆ గుమ్మం కిందే వదిలేసి వస్తాను."

పెళ్ళయిన ఇరవై అయిదేళ్ళలో వాళ్ళు ఇల్లు కదలడం ఇదే మొదలు. పాడి ఉన్న ఇంటికి పండగేమిటి, ప్రయాణమేమిటి? చివరికి ఫెన్నా తమ్ముడు ట్యార్క్ ముందుకొచ్చాడు. "నాలుగు రోజులు, పోనూ రానూ మరో రెండు, పాలు నేను పితుకుతా బావా. ఆ గడువు దాటిందా, ఆవులు నేనే యజమానిననుకుంటాయి. తర్వాత నీ ఇష్టం," అన్నాడు.

ఆ నాలుగు రోజుల్నీ పంచుకోవడానికి దారి పొడుగునా కారులో జరిగిన తగాదా, పొలం గట్టు దగ్గర అన్నదమ్ములకి కూడా జరిగి ఉండదు. ఓకోకి పట్నాలు కావాలి: ట్రియర్, కోహెమ్ కోట. ఫెన్నాకి ఏటి వెంబడి వైన్ పల్లెలు కావాలి. పాలు పితికే కొట్టంలో గోడకున్న కేలండర్‌లో ఆ పల్లెల బొమ్మల్ని ఆమె ఏళ్ళ తరబడి చూసింది. పెద్ద కోరికేమీ కాదు. ఒక్కో ఊళ్ళో ఒక బల్ల ముందు కూర్చోవాలి. ఎవరో గ్లాసు తెచ్చి చేతికివ్వాలి. ఆ గ్లాసు తను కడగకూడదు. చివరికి మొదటి రోజూ ఆఖరి రోజూ ఓకోకి, మధ్య రెండూ ఫెన్నాకి అని రాజీ కుదిరింది.

ట్రియర్‌కి బయలుదేరే ముందు ఒక్క పని మిగిలింది. ఆ రోజు వాళ్ళ పెళ్ళిరోజు. ఊళ్ళో ఉంటే ఇరుగుపొరుగు వచ్చి దేవదారు కొమ్మల తోరణం గుమ్మానికి కట్టేవాళ్ళు. ఊళ్ళో లేరు కాబట్టి పక్కింటి ఆంట్యే తోరణాన్ని వెండి కాగితం పూలతో సహా కారు డిక్కీలో కుక్కి మరీ పంపింది. "ఎక్కడుంటే అక్కడ కట్టాలి. ఇరవై అయిదో ఏట గుమ్మం బోసిపోతే కాపురానికి మంచిది కాదు," అని హెచ్చరించింది.

ఓకో కుర్చీ ఎక్కాడు. గుమ్మం పైన ఒక ఇనుప కొక్కెం ఉంది. "చూశావా, మన కోసమే కొట్టి పెట్టినట్టుంది," అన్నాడు. తోరణం చక్కగా కూర్చుంది.

ఓకో కారు తాళం తీసేలోగా చేతికర్ర ఊపుకుంటూ ఒక ముసలమ్మ వీధిలో ఆగిపోయింది. పేరు కేటా, మూడిళ్ళ అవతల ఉంటుంది. తోరణాన్ని చూసి ఆమె కళ్ళు తడి చేసుకుంది.

"ఎన్నాళ్ళకి! ఎన్నాళ్ళకి ఈ గుమ్మం పచ్చబడింది!"

"ఇరవై అయిదేళ్ళకి, పిన్నిగారూ," అంది ఫెన్నా సిగ్గుపడుతూ.

"అన్నేళ్ళయిందా? నాకు పదేళ్ళలా ఉంది."

"మాకూ అలాగే ఉంది."

ఆ నది ఒడ్డు పల్లెల్లో గుమ్మానికి పచ్చని కొమ్మ వేలాడితే అర్థం ఒక్కటే. ఆ ఇంటివాళ్ళు సొంత తోట వైన్ అమ్ముతున్నారు, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. ఫెన్నాకి ఆ సంగతి తెలియదు. ఆ ఇంటి యజమాని బాల్తజార్ తన వైన్ పుల్లగా ఉందని ఊరంతా అన్నందుకు అలిగి, ఊరే తన గడప తొక్కేదాకా ఆ కొక్కేనికి పచ్చాకు తగలనివ్వనని ఒట్టు పెట్టుకున్న సంగతి అసలే తెలియదు. ఆయన ఇల్లు వాళ్ళకి అద్దెకిచ్చి, "నేలమాళిగలో సీసాలున్నాయి, కావలసినంత తాగండి, లెక్క తర్వాత చూసుకుందాం," అని చెప్పి, మోకాళ్ళ నొప్పులకి వేడినీటి ఊటల ఊరికి వెళ్ళాడు.

కేటా మాత్రం అరుగు మీద కర్ర ఆనించి పెరట్లోకి నడిచి, బల్ల ముందు కూర్చుంది. ఆమె వెనకే మరో ఇద్దరు ముసలాళ్ళు.

"శుభాకాంక్షలు చెప్పడానికి వచ్చారు, పాపం," అంది ఫెన్నా మురిసిపోతూ. "మనమెవరో కూడా తెలియదు! ఎంత మంచి ఊరు!"

తోరణం చూసి వచ్చినవాళ్ళని గొంతు తడపకుండా పంపితే ఉత్తరాన తలవంపులు. ఫెన్నా ముందు టీ పెట్టింది. మూడు కప్పులదాకా వద్దనడం మర్యాద కాదు, మూడో కప్పు తర్వాత చాలనుకుంటే అందులో చెంచా పెట్టాలి. మోజెల్ ఒడ్డున ఎవరికి తెలుస్తుంది? కేటా కప్పు ఖాళీ చేసినప్పుడల్లా ఫెన్నా నింపేసింది.

"బాల్తజార్ పిసినారితనం చూశావా," అని కేటా పక్కాయన చెవిలో గొణిగింది. "ముందు టీతో కడుపులు నింపేస్తే వైన్ తక్కువ పోతుందని!" తర్వాత గొంతు పెంచింది. "అమ్మాయ్, ఇంతకీ ముసలాయనేడీ?"

"మోకాళ్ళకి స్నానాలు చేయిస్తున్నారండీ. ఆఖరి రోజుకి వస్తారు."

"మా మొహాలు చూడలేక మిమ్మల్ని పనికి పెట్టి పోయాడు. మొండిఘటం! సరే, వైన్ తీసుకురా."

ఓకో కొత్త బూట్లతోనే నేలమాళిగలోకి దిగాడు. పొద్దువాలేసరికి పెరడు నిండింది. ఫెన్నా ఇంటి నుంచి తెచ్చిన కిస్మిస్ రొట్టె అయిపోయింది. పోతూ పోతూ ఒక్కొక్కరూ బల్ల మీది టీ డబ్బాలో డబ్బులు వేశారు. ఆమె ఊళ్ళోనూ చదివింపులుంటాయి కానీ కవర్లో పెట్టిస్తారు.

"ఈ పక్క చిల్లర వెదుక్కుని మరీ దీవిస్తారేమిటో," అంది ఫెన్నా.

"ట్రియర్ రేపు చూద్దాం," అన్నాడు ఓకో ఆవలిస్తూ.

"రేపు నాది."

రెండో రోజు ఫెన్నా ముందే తయారై గుమ్మంలో నిలబడింది. ఆమె కేలండర్‌లో మొదటి బొమ్మ లైనెన్‌బాఖ్, ఏటి మలుపు దాటితే వచ్చే పల్లె. కానీ తోరణం అక్కడే ఉంది. కట్టడం గతిలేక తామే కట్టుకున్నా, దింపేది ఇరుగుపొరుగే, ఇంటివాళ్ళు దాన్ని ముట్టుకోకూడదు. ఒక్క అతిథి అడుగుపెట్టాక, అది దిగేదాకా గుమ్మం మూయకూడదు. ఇవి ఆమె తాతముత్తాతల నాటి నియమాలు. కాబట్టి ఎవరో వచ్చి దింపాలి. వచ్చింది కేటా, ఈసారి ఏడుగురితో.

"పిన్నిగారూ," ఫెన్నా మొహమాటంగా అడిగింది, "మీవాళ్ళెవరైనా ఆ తోరణం దింపితే..."

"దింపడమా!" కేటా గుండె మీద చెయ్యి వేసుకుంది. "నిన్ననే కదే కట్టారు! ఇంకా మా ఫైర్‌మన్ బ్యాండు కూడా రాలేదు!"

ఫెన్నా వంటింట్లోకి పరుగెత్తింది. "ఓకో, ఇక్కడ బ్యాండు వచ్చాక దింపుతారట! మన కోసం బ్యాండట!"

"బ్యాండా? మనకా?" ఓకో ఛాతీ ఉప్పొంగింది. వెళ్ళి మరో పెట్టె సీసాలు మోసుకొచ్చాడు.

బ్యాండు మధ్యాహ్నానికి వచ్చింది. బూరలు పక్కన పెట్టి బల్లలు ఆక్రమించింది. "తినడానికేం లేదా? ఉల్లిపాయ రొట్టె లేని వైన్ బల్ల ఎక్కడైనా ఉందా?" అని బూరలాయన నిలదీశాడు. ఫెన్నా కొంగు బిగించినంత పని చేసి, పక్కింటావిడ ఇచ్చిన ఉల్లిపాయలన్నీ కోసి, పొయ్యి నిండా రొట్టెలు కాల్చింది. కళ్ళ వెంట నీళ్ళు. అవి ఉల్లిపాయలవా లైనెన్‌బాఖ్‌వా అని ఓకో అడగలేదు, అడిగే తీరికా లేదు.

సాయంత్రం బూరల మోత ఏటికి అవతలి గట్టుదాకా వినిపించింది. బాల్తజార్ గుమ్మం తెరిచాడన్న వార్త దానికంటే ముందు వెళ్ళింది. మూడో రోజు లైనెన్‌బాఖ్ నుంచి ఒక పడవ నిండా జనం దిగారు. వాళ్ళ వెనకే వాళ్ళంటే గిట్టని రోటెన్‌ఫెల్స్ వాళ్ళు సైకిళ్ళ మీద వచ్చారు. రెండు ఊళ్ళవాళ్ళూ ఒకే బల్ల దగ్గర మోచేతులు ఆనించి, ఎవరి ద్రాక్ష కొండ మీద ఎండ ఎక్కువో తేల్చుకుంటున్నారు.

తర్వాత మిగతా పల్లెలూ దిగాయి. "మీది ఏ ఊరండీ?" అని అడిగినప్పుడల్లా ఫెన్నాకి కేలండర్‌లో ఒక నెల బొమ్మ కింది ఊరిపేరు వినిపించింది. ఏప్రిల్‌కి ఉల్లిపాయ రొట్టె, జూన్‌కి మరో సీసా, సెప్టెంబరుకి టీ. సెప్టెంబరు ఊరావిడ నాలుగో కప్పు కూడా తాగి, "ఈ చెంచా సంగతి ముందే చెప్పొచ్చుగా తల్లీ!" అని మొత్తుకుంది.

ఆ గుంపులో ట్రియర్ నుంచి బస్సులో వచ్చిన ఒక లావుపాటి బట్టతలాయన ఉన్నాడు. అక్కడి మ్యూజియంలో కావలి ఉద్యోగం. ఓకో చేతిలో పళ్ళెంతోనే ఆయన పక్కన చతికిలబడ్డాడు.

"అయ్యా, ఆ నల్ల గుమ్మం ఎలా ఉంటుంది?"

"నల్లగా ఉంటుంది," అన్నాడాయన. "రోజూ చూసేదేగా. ఇంకో గ్లాసు పోయండి."

నాలుగో రోజు పొద్దున్నే పెరట్లో మనుషులున్నారు. నేలమాళిగలో సీసాలు లేవు, ఒకే ఒక్క అరలో తప్ప. ఓకో బూట్ల మీద వైన్ మరకలు, జేబులో ట్రియర్ పటం తడిసి ముద్దయింది. రేపు తెల్లారితే ఇంటి దారి, ఆవుల దారి.

"ఇవాళ నాది!" అని అరిచాడు ఓకో. "ఇక చాలు! ట్రియర్ వెళ్ళి ఆ గుమ్మాన్ని ఒక్కసారి ముట్టుకుని వస్తా!" కుర్చీ లాగి గుమ్మం ముందు వేశాడు.

"ఓకో, వద్దు! మనం ముట్టుకోకూడదు!" ఫెన్నా అతని కాలు పట్టుకుంది. "ఇరవై అయిదేళ్ళ కాపురం!"

"ఆ కాపురంలో నాకు ఒక్క పట్నం చూసే యోగం లేదా?"

"నాకు ఒక్క పల్లె దక్కిందా? పన్నెండు నెలలకీ వండి పెట్టాను! నాకెవరైనా ఒక్క గ్లాసు ఇచ్చారా?"

"దింపకండయ్యా!" పెరట్లోంచి అందరూ ఒక్క గొంతుతో కేకలు వేశారు. "ఇంకా పొద్దు వాలలేదు!"

సరిగ్గా అప్పుడే టాక్సీ ఆగింది. బాల్తజార్ దిగాడు. కొక్కేనికి పచ్చదనం, కుర్చీ మీద తన అద్దెవాడు, వాడి కాలికి వేలాడుతూ వాడి పెళ్ళాం, తన పెరట్లో ఊళ్ళకి ఊళ్ళు. ఆయన మీసాలు వణికాయి.

"నా గుమ్మానికి ఆకు కట్టిందెవరు? నా వైన్ అమ్మిందెవరు?"

"అమ్మడమా?" ఫెన్నా మొహం పాలిపోయింది. "మేము... మా పెళ్ళిరోజండీ. వీళ్ళంతా దీవించడానికి వచ్చారు కదా?"

ఎవరి చేతిలో గ్లాసు వాళ్ళ చేతిలోనే ఆగిపోయింది. ఫెన్నా టీ డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టింది. "చదివింపులనుకున్నాను," అంది. పోలీసులు వచ్చేలోగా ట్యార్క్‌కి ఫోన్ చేసి, ఆవుల్ని గడువు దాటాక కూడా చూసుకోమని చెప్పాలనిపించింది.

కేటా కర్ర పట్టుకుని లేచింది. "బాల్తజార్, నీ వైన్ పుల్లగా ఉందన్నది నేనే. ఇవాళ నాలుగో రోజు తాగుతున్నాను."

"పుల్లగా లేదని తేల్చుకోవడానికి నాలుగు రోజులు పట్టిందా?"

"నాకు అనుమానం ఎక్కువ. ఊరంతా వస్తే తప్ప తెరవనన్నావుగా? ఊరొచ్చింది. పక్క ఊళ్ళు కూడా వచ్చాయి. ఇంకేం కావాలి నీకు, బ్యాండా? అదీ వచ్చింది."

బాల్తజార్ తోరణం వంక చూశాడు. వెండి కాగితం పూలు గాలికి గలగలలాడాయి. ముసలాయన ఓకోని భుజం పట్టి కుర్చీ మీంచి దింపి, అదే కుర్చీని బల్ల దగ్గరికి లాగి ఫెన్నాని కూర్చోమన్నాడు. ఆఖరి అరలోంచి ఒక సీసా తెచ్చి, గ్లాసు నింపి ఆమె చేతికిచ్చాడు.

"ఆ డబ్బాతో వైన్ లెక్క చెల్లు, మీ చాకిరీతో ఇంటి లెక్క చెల్లు. అద్దె అడగను. తాగమ్మా. గ్లాసు నేను కడుగుతా," అన్నాడు.

అన్ని ఊళ్ళూ చూస్తుండగా ఫెన్నా మొదటి గుక్క మింగింది. నాలుగు రోజులుగా పోయడమే కానీ రుచి చూసే తీరిక ఆమెకి దొరకలేదు. వైన్ నిజంగానే పుల్లగా ఉంది. నాలుక మెలిపడేంత పులుపు. ఆమె చుట్టూ చూసింది. అందరూ గ్లాసుల్లోకి తలలు వంచుకున్నారు, కేటా అందరికంటే ముందు.

"ఎలా ఉంది?" అన్నాడు బాల్తజార్.

"ఇరవై అయిదేళ్ళుగా దీనికోసమే చూస్తున్నానండీ," అంది ఫెన్నా. అది అబద్ధం కాదు. రెండో గుక్క కూడా తాగింది.

తోరణం ఎవరు దింపాలన్నది చివరికీ తేలలేదు. ఉత్తరాది నియమం ప్రకారం ఇంటివాళ్ళు ముట్టుకోకూడదు, నది ఒడ్డు నియమం ప్రకారం ఇరుగుపొరుగు ముట్టుకోకూడదు. బాల్తజార్ తను మాత్రం చచ్చినా దింపనన్నాడు. మర్నాడు కారు మలుపు తిరిగేదాకా ఫెన్నాకి అది కనిపిస్తూనే ఉంది.

ఇంటికి చేరేసరికి ట్యార్క్ పాల బకెట్టుతో ఎదురొచ్చాడు. "బావా, ట్రియర్ ఎలా ఉంది?"

"బట్టతల," అన్నాడు ఓకో, బూట్లు విప్పుతూ. "మూడు గ్లాసులు తాగి బస్సెక్కి వెళ్ళిపోయింది."