ఏడవ టక్కు

ప్రచండమార్తాండకిరణసంతప్తమైన మాంచా మైదానమున, జులై మాసపు చివరి శుక్రవారమున, మిట్టమధ్యాహ్నవేళ, అల్బసెతె పట్టణమునకు మూడు క్రోసుల దూరమున ఉన్న ఒక ఖర్బూజా చేనిలో జరిగిన మహాసంగ్రామమును వినుడు! ఆ చేని గట్టున ఒక బాదం చెట్టు కలదు. దాని క్రింద, ఉన్నదో లేదో తెలియని నీడలో, పదకొండుగురు కోతవారు కూర్చుండిరి. పొయ్యిమీద కుందేటి పులుసు కుతకుతలాడుచుండెను. ఆ ప్రక్కన, గోనెపట్టా సింహాసనముపై, ఆ యేటి తొలికాయ ఆసీనమై ఉండెను.

తొలికాయను ఎవరు పడితే వారు కోయరాదు. తెరచునప్పుడు లోపలి ఏడు పళ్ళూ వరుసగా టక్కుటక్కుమని ఏడుమార్లు పలుకు పెద్ద మడతకత్తితోనే కోయవలెను. అట్టి కత్తి కలవారిలో పెద్దవానిదే తొలి హక్కు. పులుసు దించులోగా అతని కత్తి ఏడు పలుకకున్నచో హక్కు తరువాతివానికి పోవును.

నలుబది యొక్క యేండ్లుగా ఆ హక్కు ఎలాదియోది. డెబ్బదిమూడేండ్ల ఆ వృద్ధసింహము, కొమ్ముపిడికృపాణధారి, పెటపెటధ్వానవామజానుభూషితుడు, నడుమునకు చుట్టిన ఎఱ్ఱని వస్త్రమునుండి తాతనాటి మూరెడు కత్తిని సర్రున లాగి, మీసము దువ్వి, పిడి నొక చేతను అలుగు నొక చేతను పట్టి లాగెను.

కత్తి కదలలేదు.

"ఏమైందయ్యా, రావట్లేదా?" అనెను భార్య కసిల్డా, గరిటె తిప్పుచు.

"వస్తుందిలే. దానికి తొందరుండదు."

"మళ్ళీ ఆలివ్ నూనె పూశావా?"

"మన చెట్ల నూనేనే! ఊళ్ళో అంత మంచిది లేదు."

"కూరలోకి మంచిదే. కత్తికి పూస్తే జిగురు కట్టేస్తుంది, మిషను నూనె వాడమని ఆ కత్తులాయన నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. వింటేగా!"

కసిల్డా తమ్ముడు బ్రౌలియో సకిలించెను. క్రిందటి సెప్టెంబరు తిరునాళ్ళలో సరిక్రొత్త ఏడుపళ్ళ కత్తిని కొన్నది మొదలు అతడు ఈ దినమునకై కాచుకొని ఉండెను. "బావా, కత్తి నిద్రపోతున్నట్టుంది. జోల పాడమంటావా?"

అంతట ఎలాదియో, ఒకమారు చేతిరుమాలు చుట్టి, ఒకమారు పిడిని తొడల నడుమ బిగించి, ఒకమారు మిగిలిన నాలుగు పళ్ళతో అలుగును కఱచి, చెమటలు కక్కుచు, గాఢనిద్రాపరవశమైన ఆ ఆయుధముతో పోరి పోరి, చివరకు దానినే ఉద్దేశించి గర్జించెను: "ఓసి ఉక్కుముద్దా! మా తాత నడుమున ఊరేగినదానివి! మా నాన్న పెళ్ళికి పందిని కోసినదానివి! ఇంతమంది ముందు, అందులోనూ ఈ బ్రౌలియోగాడి ముందు, నా పరువు తీస్తావుటే? తెరుచుకో!"

పలుకలేదు. ఎలాదియోకు భయము వేసెను. వంగి కాయలు కోయలేని తనకు ఆ చేనిలో మిగిలిన పని ఇదొక్కటే. ఇదియును పోయినచో ఇక ఇంటి గుమ్మము ముందు కుర్చీ వేసికొని దారినపోవువారిని లెక్కించుకొనవలసినదే.

కసిల్డా కుండను దింపబోయి, మగని ముఖము చూచి ఆగెను. "ఇటు తే" అని కత్తిని లాగుకొని, మరుగుచున్న పులుసులో ముంచెను.

"కసిల్డా! అది మా తాత కత్తే!"

"మీ తాతకీ కుందేలంటే ఇష్టమేగా. అరవకు."

జిగురు కరుగువరకు ఉంచి, ఒక గుడ్డతో తుడిచి, ఆమె కత్తిని మరల అతని చేతికిచ్చెను. ఎలాదియో లాగెను. టక్! "ఒకటి!" అని కోతవారు ఘోషించిరి. టక్! "రెండు!" మూడు, నాలుగు, అయిదు, ఆరు! ఏడవది మాత్రము రాలేదు. అలుగు ఆరవ పంటివద్ద మొండికేసి నిలిచిపోయెను.

అప్పుడా వీరుడు ఊపిరి బిగబట్టి, కుడిచేతిని నేలకు ఆనించి, ఎడమకాలు ఊని, ఒక్క ఉదుటున పైకి లేచి, ఉన్న బలమంతయు కూడదీసి లాగెను.

టక్!

ఎవరును లెక్క చెప్పలేదు. కత్తి వెంట్రుకవాసియైనను కదలలేదు. ఇంకను కొంచెము వంకరగనే ఉండెను. కసిల్డా మగని మోకాలివంక చూచెను. బ్రౌలియో కత్తిని చూచెను, మోకాలిని చూచెను, చెమటలో తడిసిన బావ ముఖమును చూచెను. నలుబదియేండ్లుగా వినుచున్న చప్పుడది. సగము బయటికి లాగిన తన క్రొత్త కత్తిని అతడు మెల్లగా నడుముపట్టీలోనికి త్రోసికొనెను.

"ఏడు," అనెను బ్రౌలియో. "నేను లెక్కపెట్టాను. కానీయ్ బావా, ఆకలి దంచేస్తోంది."

ఎలాదియో కోసెను. పదకొండు ముక్కలు, పదకొండు చేతులు. ప్రతి ముక్కకును వెల్లుల్లి, కుందేలు, కొండవాము వాసన పట్టి ఉండెను.

"ఎలా ఉందిరా?" అనెను ఎలాదియో.

"తియ్యగా ఉంది," అనెను బ్రౌలియో, కన్నులు మూసి మ్రింగుచు.

ఇట్లు వీరాధివీరుడైన ఎలాదియో, వంకరకత్తితో, నిశ్చలుడై కూర్చున్న ఒక ఖర్బూజాను నిశ్శేషముగా జయించి, చేనిలో మరియొక యేడాది కొలువు సంపాదించెను. దిక్కులు దద్దరిల్లుగాక! కసిల్డా ఇంటికి చేరగనే ఆలివ్ నూనె బుడ్డి తీసి, ఈమారు అతని మోకాలికి పట్టించెను.