శార్దూలయ్య గారి కోరపళ్లు

ఒక పెద్ద అడవిలో, అంటే పెద్దదని దాని అధ్యక్షుడు చెప్పుకునే అడవిలో, శార్దూలయ్య అనే ముసలి పులి పెత్తనం సాగేది. ఏటా వేసవి సభలో అధ్యక్షుడు నోరు తెరిచి పళ్లు చూపించాలి. ఆ పదవికి అదొక్కటే అర్హత.

సభ దగ్గరపడుతుండగా శార్దూలయ్య దున్న ఎముక కొరికాడు. పైకోరలు రెండూ సగానికి విరిగాయి. పాపం, ఆయనకు ఎముకలో మూలుగంటే ప్రాణం. ఇటు పదవి, అటు మూలుగ. ముసలాడికి నిద్ర పట్టలేదు.

పళ్ల డాక్టరు కొంగమ్మ ముక్కు లోపలికంటా పెట్టి చూసింది.

"రెండు పద్ధతులున్నాయి దొరా. వెనీర్ అంటే పంటి ముందు అతికించే పల్చటి పెంకు. తళతళలాడుతుంది గానీ ఎముక కొరికితే ఊడొస్తుంది. క్యాప్ అయితే పన్ను చుట్టూ అరగదీసి నిండా తొడుగుతాం. అంత తెలుపు రాదు, కానీ దున్ననైనా నమలొచ్చు. మీకు క్యాపే మంచిది."

"అదే వెయ్యి!" అన్నాడు శార్దూలయ్య లొట్టలేస్తూ.

కార్యదర్శి నక్క గొంతు సవరించుకుంది. "అయ్యా, సభలో తమరు పళ్లు చూపిస్తారా, దున్నను నములుతారా? పక్క అడవి సింహం ముందు మన పరువేం కాను? కరిచే పనికి మేం లేమూ?"

పరువు మాటెత్తితే శార్దూలయ్యకు కడుపు గుర్తుండదు. వెనీర్లే వేయించుకున్నాడు.

సభలో ఆయన నోరు తెరవగానే ముందు వరుస జింకలు కళ్లు చికిలించాయి. చప్పట్లు మోగిపోయాయి.

ఆ పూట నుంచీ వేట మాంసం నక్క ఇంటికి, జావ అధ్యక్షుడి ఇంటికి చేరసాగాయి. "డాక్టరమ్మ ఎముకలొద్దంది కదయ్యా," అనేది నక్క మూతి తుడుచుకుంటూ.

మరుసటి ఏడు సభలో ఆ మూతి నుంచి మూలుగ వాసన గుప్పుమంది. శార్దూలయ్యకు తిక్కరేగింది. "దొంగ వెధవా!" అంటూ నక్క మెడ పట్టి కొరికాడు. వెనీర్లు ఊడి దాని బొచ్చులో ఇరుక్కున్నాయి. నక్కకు గీతైనా పడలేదు. సభంతా నోరెళ్లబెట్టింది.

నక్క వాటిని దులిపి అందరికీ చూపించింది. "చూశారా! మన అధ్యక్షులవారు హింస మాని కోరలు త్యాగం చేశారు!"

కుందేళ్లు బావురుమన్నాయి. అక్కడికక్కడే ఆయన్ను శాశ్వత అధ్యక్షుణ్ణి చేసి, ఇక పళ్లు చూపించనక్కర్లేదని సభ తీర్మానించింది.

శార్దూలయ్య కొంగమ్మను పక్కకు పిలిచాడు. "ఇప్పుడైనా క్యాప్ వెయ్యి తల్లీ."

"త్యాగం చేసినవాళ్లకు వెయ్యకూడదన్నారు దొరా, ఇందాకే కార్యదర్శిగారు. వెళ్లండి, జావ చల్లారిపోతోంది."

నీతి: కోరలు పోయినా కుర్చీ పోదు, జావ తాగే ఓపికుంటే చాలు.