బుజ్జిగాడి మెడలో ఉంగరం

ఆ ఉదయం వేళ్ళ డాక్టరు గారు పెట్టుకున్న పనులు రెండే. ఒకటి, బుజ్జిగాడిని వీధి చివరిదాకా తిప్పుకు రావడం. రెండు, స్నానం చేసి ఆసుపత్రికి వెళ్ళి డ్రిల్లు మాస్టారి వేలికి ఆపరేషన్ చేయడం. బుజ్జిగాడంటే కుక్క. దాన్ని తిప్పడం ఎప్పుడూ వాళ్ళావిడ పనే. కానీ ముందు రోజు ఏదో మాటకు మాట పెరిగి, "మీకన్నా ఆ కుక్క నయం, చెప్పిన మాట వింటుంది" అనిపించుకున్నాక, రాజీ కోసం ఆయనే గొలుసందుకున్నాడు.

"ఏవండీ, గొలుసు చేతికి చుట్టుకోకండి!" అని గుమ్మంలోంచి కేకేసింది ఆవిడ.

"వేళ్ళ గురించి నాకు చెప్తున్నావా?" అని, గొలుసును ఎడమచేతి వేళ్ళకు బిగించి చుట్టుకుని మరీ బయల్దేరాడు మహానుభావుడు.

మలుపులో పిల్లి కనబడింది. బుజ్జిగాడు ఒక దిక్కు, డాక్టరు గారు ఒక దిక్కు. టక్కుమంది. చూసుకుంటే ఉంగరపు వేలు మధ్య కణుపు దగ్గర కీలు తప్పి, మెట్టులా లేచి ఉంది.

ఆసుపత్రిలో ఆయన గది గోడ మీద ఓ పెద్ద బోర్డుంది: "కీలు తప్పిన వేలిని మీరే లాగకండి." లాగితే ఏమవుతుందో ఆయనకు కంఠతా వచ్చు. కీలు అడుగున ఉండే పొర చిరిగి ఎముకల మధ్య ఇరుక్కుంటుంది. ఇక కోసి తీయాల్సిందే. డ్రిల్లు మాస్టారు ఆ పనే చేసుకొస్తే, నిన్ననే నలుగురిలో నిలబెట్టి దులిపేశాడు.

వాపు రాకముందే ఉంగరం తీసేయాలి కదా. ఎప్పుడూ జారిపోయే వదులు ఉంగరమే కాబట్టి, పళ్ళు బిగబట్టి ఎలాగో తీశాడు. వేసుకున్న పైజామాకు జేబు లేదు. బుజ్జిగాడి మెడపట్టీ విప్పి, ఉంగరం దానికి గుచ్చి మళ్ళీ పెట్టాడు. ఆ పూట ఆయన చేసిన ఆఖరి తెలివైన పని అదే. తరవాత అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని తేల్చుకుని, వేలు పట్టుకు లాగాడు. పట్టపగలే చుక్కలు కనబడ్డాయి. "ఇంకొక్కసారి" అనుకుని మళ్ళీ లాగాడు. లోపల ఏదో చిక్కుకుంది. అదేమిటో ఆయనకు వేరే చెప్పాలా?

ఇంటికెళితే "చెప్పానా?" అంటుంది. ఆ మాట కన్నా నొప్పే నయమనిపించింది. బుజ్జిగాడిని గేటులోకి తోసి, పక్క వీధిలోని ఆసుపత్రికి పైజామాతోనే నడిచాడు.

చడీచప్పుడు లేకుండా ఎక్స్‌రే తీయించుకుని, చెయ్యి వెనక్కి దాచుకుని, ఆ ఎక్స్‌రేను జూనియర్ డాక్టరమ్మకు చూపించాడు.

"ఎవరు సార్ ఈ బుద్ధిమంతుడు? లాగి లాగి పాడు చేసుకున్నాడు. కోయక తప్పదు. చదువూ సంధ్యా లేదా?"

"చదువుందమ్మా. అది తప్ప ఇంకేం లేదు" అని చెయ్యి ముందుకు చాచాడు.

ఇన్నాళ్ళూ "నీకింకా చెయ్యి తిరగలేదు" అంటూ డాక్టరమ్మను ఆపరేషన్ గదిలో దీపం సర్దడానికే ఉంచాడు. ఇప్పుడు ఆ చేతికే తన వేలు అప్పగించాలి. ఆ వేలు బిగుసుకుపోతే ఇక కత్తి పట్టే పని లేనట్టే. ఆయనకు నిజంగానే భయం వేసింది.

ఉన్న ఒక్క ఆపరేషన్ గదీ డ్రిల్లు మాస్టారి కోసం సిద్ధమై ఉంది. వెళ్ళి సంగతి చెప్పాడు.

"అయ్యో, ముందు మీరే కానివ్వండి. కాకపోతే నిన్న నన్ను తిట్టినవి ఓసారి మిమ్మల్ని మీరు తిట్టుకోండి, వింటాను" అన్నాడు మాస్టారు.

"తమరికి తలకాయున్నది టోపీ పెట్టుకోవడానికేనా?" అని డాక్టరు గారు నేల చూపులు చూస్తూ అప్పగించాడు.

"గొంతు సరిపోలేదు. నిన్న వార్డంతా వినబడింది."

మళ్ళీ అరవక తప్పలేదు.

అక్కడ ఇంట్లో ఆవిడ బుజ్జిగాడి మెడలో పెళ్ళి ఉంగరం చూసింది. మొగుడి జాడ లేదు. "ఓహో! కుక్క నయమన్నానని కాపురం కుక్కకు అప్పజెప్పి పోయాడన్నమాట!" అని ఆసుపత్రికి ఫోన్ చేసింది. కొత్తగా చేరిన నర్సు ఎత్తింది.

"సార్ లోపల పడుకున్నారండీ. డాక్టరమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఉన్నారు. ఇప్పుడెవర్నీ రానివ్వరు."

ఆవిడ చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి, బుజ్జిగాడిని లాక్కుంటూ బయల్దేరింది.

లోపల వేలికి మత్తిచ్చారు గానీ నోటికివ్వలేదు. "ఆ నరం జాగ్రత్త... కాస్త పక్కకి..."

"సార్, పేషెంట్లు పాఠాలు చెప్పకూడదు."

డాక్టరమ్మ ఇరుక్కున్న పొరను మెల్లగా బయటికి తీసి, చిరుగు కుట్టింది. కీలు చోటులోకి వచ్చి కూర్చుంది.

"వంచండి సార్."

వంగింది. డాక్టరు గారికి కళ్ళ నీళ్ళొచ్చాయి. "నీకు చెయ్యెప్పుడు తిరిగిందమ్మా?"

"మీరు దీపం పట్టుకోమన్నప్పుడల్లా చూస్తూనే ఉన్నాను సార్. మాస్టారి వేలు..."

"నువ్వే చెయ్యి. దీపం నేను పడతాను."

తలుపు తెరవగానే ఎదురుగా వాళ్ళావిడ. "ఎవత్తండీ అది, మీ చెయ్యి..." అంటూ కట్టు చూసి ఆగిపోయింది. "అయ్యో! ఏమైందండీ?"

డాక్టరు గారు అబద్ధం వెతుక్కునేలోగా, బల్ల మీద కూర్చున్న డ్రిల్లు మాస్టారు అందుకున్నాడు. "గొలుసు చేతికి చుట్టుకున్నారటమ్మా. ఆపైన లాగారట. రెండుసార్లు."

ఆవిడ భోరున ఏడ్చి, ముక్కు తుడుచుకుని, తీరిగ్గా అంది: "చెప్పానా?"

వేలు చక్కగా నయమైంది గానీ, కణుపు లావెక్కి ఉంగరం దాటనంటోంది. పెద్దది చేయిద్దామని డాక్టరు గారు అడుగుతూనే ఉన్నాడు. చెప్పిన మాట వినేవాడి మెడలోనే ఉండనివ్వండి అంటోంది ఆవిడ.