ఫ్రిజ్‌లో రిబ్ రోస్ట్, మిద్దె మీద అత్త

గురువారం పొద్దున డ్యూటీకి బయల్దేరుతూ అఫ్రోజ్ ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి ఆనించి ఇంట్లోవాళ్లకు ఒకే మాట చెప్పాడు. "దీన్ని ఎవరూ తాకొద్దు. ఉప్పు పట్టించి పెట్టినా. రేపటిదాకా అట్లే ఆరాల."

లోపల ఇనుప జాలీ మీద కొలువుదీరింది మామూలు మాంసం కాదు, బీఫ్ రిబ్ రోస్ట్. కువైట్‌లో ఎగైలా అనే పేటలోని ఒక పెద్ద అంగట్లో ముందుగా చెప్పి పెట్టించుకుని, కసాయివాడి చేత అటూ ఇటూ తిప్పించి చూసి, ఎముకలు విడదీయని ముక్కనే ఏరి తెచ్చుకున్నాడు. ఎర్రటి కండ నిండా తెల్లటి కొవ్వు సన్నటి గీతల్లా పాకి ఉంది. ఆ గీతలే దాని ఘనత. ఉప్పు రాసి, మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో ఆరనిస్తే పైన కరకరలాడుతుందట, లోపల గులాబీ రంగులో వెన్నలా ఉంటుందట. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు అఫ్రోజ్ ఈమధ్య అన్నం తింటూ కూడా ఫోన్‌లో ఆ వీడియోలే చూస్తున్నాడు.

అతని తాపత్రయానికి కారణం ఉంది. కంపెనీ ఉత్తరాన ఎడారిలో కొత్త క్యాంపు తెరుస్తోంది. అక్కడికి పోయేవాడు కుటుంబాన్ని తీసుకెళ్లడానికి లేదు. ఎవరు పోవాలో తేల్చేది దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన మేనేజర్ హెండ్రిక్. అఫ్రోజ్ భార్య మాబున్ని రాయచోటి నుంచి మంగఫ్‌కు వచ్చి ఇంకా ఏడాది కాలేదు. ఆమె వీసా కోసం అతని చెప్పులు అరిగిపోయాయి. ఇప్పుడు క్యాంపు అంటే ఆమెను మళ్లీ ఊరికి పంపడమే. అందుకే "శుక్రవారం మా ఇంటికి భోజనానికి రండి సార్, రిబ్ రోస్ట్ నా చేత్తో చేసి పెడతా" అని హెండ్రిక్‌ను పిలిచాడు. కడుపు నిండిన మనిషి కఠినంగా ఉండలేడని అతని నమ్మకం. తన వంట గురించి ఆఫీసులో నలుగురికీ కాస్త ఎక్కువగానే చెప్పుకున్నాడు కూడా.

మాబున్ని ఒక పిల్లల నర్సరీలో పనికి పోతుంది. ఆమె కూడా వెళ్లాక ఇంట్లో మిగిలింది విజిట్ వీసా మీద వచ్చిన ఆమె తల్లి, అంటే అఫ్రోజ్ అత్త షరీఫా బీ. పాల కోసం ఆమె ఫ్రిజ్ తీసింది. ఉప్పు రాసిన మాంసం, మూత లేదు, "ఆరాల" అన్నాడు అల్లుడు. అంతే, ఆమెకు అంతా అర్థమైపోయింది. అల్లుడికి ఉప్పుకండ మీద ఆశ పుట్టింది. మాంసాన్ని పేలికల్లా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, ఎండలో ఎండబెట్టడం అత్త చేతి పని. అడగడానికి సిగ్గుపడి పాపం తనకు తోచినట్టు తానే మొదలుపెట్టాడు.

"ఎంత అమాయకుడు నా అల్లుడు. ఎముకలతోబాటు చల్లపెట్టెలో ఆరబెడతారా ఎవురైనా" అని ఆమె మనసు కరిగిపోయింది. అల్లుడు నోరు తెరిచి అడగకముందే కోరిక తీర్చడం అత్త ధర్మం. పైగా రాయచోటిలో రోజులు పట్టే పనిని ఒక్క పూటలో చేసిపెట్టే కువైట్ ఎండ బయట వృథాగా పోతోంది.

షరీఫా బీ కొంగు దోపి, కత్తి నూరింది. ఎముకలు శేరువ పులుసు కాచడానికి పక్కన పెట్టింది. కండలోని తెల్లటి గీతలను ఓపిగ్గా గీకి చెత్తబుట్టలో వేసింది. మిగిలినదాన్ని పేలికలు కోసి బాల్కనీలో తాడు మీద వేలాడదీసింది.

కాసేపటికి బిల్డింగ్ కాపలాదారు ఆంజి పరుగున వచ్చాడు. అతనూ రాయచోటి వైపువాడే.

"పెద్దమ్మా, బాల్కనీలో బట్టలు ఆరేయకూడదు. బలదియా, అదే ఈడి మున్సిపాలిటీ ఆఫీసోళ్లు చూస్తే ఓనరు నన్ను నమిలేస్తాడు."

"ఇవి బట్టలా నాయనా? సరిగ్గా చూడు."

"బట్టలకే ఒప్పుకోనోళ్లు మాంసానికి ఒప్పుకుంటారా?"

అది నిజమేననిపించి ఆమె మాంసం కనపడకుండా దుప్పటి అడ్డం వేసింది. ఇప్పుడు కిందినుంచి చూస్తే నిజంగానే బట్టలు ఆరేసినట్టు ఉంది. ఆంజి మళ్లీ వచ్చాడు, ఈసారి ఏడుపు మొహంతో. "మిద్దె మీదికి పో పెద్దమ్మా, ఖలాస్. నేను చూడలేదనుకుంటా" అని తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

మిద్దె మీద ఎండ దండిగా ఉంది గానీ తాడు కట్టడానికి గుంజల్లేవు. డిష్ యాంటెనాలు మాత్రం వరసగా నిలబడి ఉన్నాయి. షరీఫా బీ ఈ డిష్ నుంచి ఆ డిష్‌కు తాడు కట్టి, జారిపోకుండా బలంగా బిగించింది. డిష్‌లన్నీ వినయంగా ఒకదానివైపు ఒకటి తిరిగాయి. కింద ఇళ్లల్లో టీవీలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. సాయంత్రం కూతురికి గానీ అల్లుడికి గానీ ఆమె ఏమీ చెప్పలేదు, వడ్డించేటప్పుడు చెబుదామని. తాకొద్దన్న మాట మీదే నిలబడి ఆ ఇద్దరూ ఫ్రిజ్ తెరవలేదు.

శుక్రవారం పొద్దున అఫ్రోజ్ ఓవెన్ వేడిచేసి, బిస్మిల్లా అనుకుని ఫ్రిజ్ తెరిచాడు. జాలీ ఖాళీగా ఉంది.

"అత్తా, మాంసం యాడ?"

"మిద్దె మీద ఉండాది నాయనా. బాగా ఎండింది. నువ్వేం సిగ్గుపడొద్దు."

"ఎముకలు?"

"శేరువలో ఉడుకుతాండాయి."

"ఆ కొవ్వు గీతలు?"

"పారేసినా. కసాయోడు నిన్ను నిలువునా మోసం చేసినాడు నాయనా, కండ నిండా కొవ్వే."

అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఏమిటో అఫ్రోజ్‌కు ఆ క్షణాన తెలిసింది. అంగడికి ఫోన్ చేశాడు. అలాంటి ముక్క ఆదివారానికి గానీ రాదన్నారు. అతను వంటింట్లో కిందనే కూలబడ్డాడు. సంగతి విన్న మాబున్ని కళ్లు నీళ్లతో నిండాయి. "అయితే నేను ఊరికి పోవాల్సిందేనా?" అంది. అప్పుడుగానీ షరీఫా బీకి తాను చేసిందేమిటో అర్థం కాలేదు. "నీకిష్టమనుకున్నా నాయనా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అఫ్రోజ్‌కు కోపం వచ్చింది. కానీ ఆమె ముఖం చూస్తూ ఆ కోపాన్ని పట్టుకుని ఉండలేకపోయాడు.

ఇంతలో ఆంజి ఫోను. "అన్నా, జనమంతా మిద్దె మీద ఉండారు. టీవీలు రాకపోయేదానికి మీ మాంసమే కారణమంట. యల్లా, రా."

ముగ్గురూ తలుపు కూడా వేయకుండా పైకి పరుగెత్తారు. సరిగ్గా అప్పుడే, చెప్పిన వేళకంటే ముందుగా, హెండ్రిక్ వచ్చాడు. ఇంట్లో ఎవరూ లేరు. పైన గోల వినిపిస్తే మెట్లెక్కాడు.

మేనేజర్ని చూసి అఫ్రోజ్ గబగబా ఎదురుపోయాడు. హెండ్రిక్ మాత్రం అతన్ని చూడటం లేదు, తాడును చూస్తున్నాడు. దగ్గరికి పోయి ఒక పేలిక తెంపి నోట్లో వేసుకున్నాడు.

"ఇంకా వేయించలేదని చెప్పు నాయనా, కడుపునొప్పి వస్తాది" అంది షరీఫా బీ కంగారుగా.

హెండ్రిక్ ఇంకొకటి తెంపాడు. నములుతూ కళ్లు మూసుకున్నాడు. "బిల్టాంగ్" అన్నాడు చివరికి. "మా దేశంలో ప్రతి ఇంట్లో ఇలాగే ఎండబెడతారు. మా అమ్మ పోయాక నాకోసం మాంసం ఆరేసినవాళ్లు లేరు."

తాడు విప్పారు, డిష్‌లు తిప్పారు, జనం శాంతించి దిగిపోయారు. షరీఫా బీ ఉప్పుకండను ఎండుమిరపకాయలతో వేయించి, వేడన్నంలో శేరువ పోసింది. హెండ్రిక్ చెమటలు కక్కుతూ తృప్తిగా తిని, చెయ్యి కడుక్కున్నాక అసలు మాట చెప్పాడు.

"ఆ క్యాంపు బాధ్యత నాకే ఇచ్చారు, అఫ్రోజ్. అక్కడి తిండి తలుచుకుంటేనే దిగులు. నువ్వు రోస్ట్ అద్భుతంగా చేస్తావని ఆఫీసంతా అంటుంటే, అది నిజమైతే నిన్ను నాతో తీసుకుపోదామనుకున్నాను. అది చూడ్డానికే ఇవాళ వచ్చాను."

అఫ్రోజ్ అడిగాడు. "మరి ఇప్పుడు సార్?"

"నువ్వు నాతో వచ్చేస్తే ఇది నాకు పంపేదెవరు? ఇక్కడే ఉండు. వారానికొక పొట్లం కంపెనీ బస్సులో పంపు, చాలు."

లోపల మాబున్ని నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. షరీఫా బీ ఊరికి తిరిగిపోయేలోగా అల్లుడికి పేలికలు కోయడం నేర్పింది, కొవ్వు లేని మాంసం ఎంచుకోవడం కూడా.

అఫ్రోజ్ మాత్రం మళ్లీ రోస్ట్ జోలికి పోలేదు, బాగా కుదురుతుందేమోనని భయం.