డెకరేటర్ మరిచిపోని మామూ

ఆదివారం పొద్దున్నే టీ తాగుతూ ఇలియాస్ తల్లికి మాట ఇచ్చేశాడు. "చెల్లి పెళ్లి పిలుపులన్నీ మధ్యాహ్నానికల్లా వాట్సాప్‌లో పోతాయి అమ్మీ. ఎవరికి ఏం రాయాలో నా ప్రోగ్రామే చూసుకుంటుంది."

"అందరి సంగతీ తర్వాత, ముందు వెల్దుర్తిలో మా అన్నని చూడు," అంది తల్లి బీబీ. ఇంట్లో పోయినసారి జరిగిన పెళ్లికి కార్డు బస్సు కండక్టర్‌తో పంపారని అలిగిన సుభానీ మామూ మళ్లీ మాచర్లలో వాళ్ల గడప తొక్కలేదు. నిఖాలో పెళ్లికూతురు రేష్మా తరఫున ఒప్పుదల చెప్పే వకీలుగా ఆయనే నిలబడాలి. అన్న రాకుంటే తాను పెళ్లిలో కూర్చోనని బీబీ పంతం.

అందుకే జాబితాలో మామూనే ముందు పెట్టాడు ఇలియాస్. "సుభానీ మామూ, తప్పు మాదే, క్షమించు. రేష్మాకి వకీలు నువ్వే. నువ్వు రాకుంటే నిఖా లేదు." చదువుకుని తనకు తానే శభాష్ అనుకున్నాడు.

ప్రోగ్రాంలో పిలుపు రాసే ముక్కకి, అదే ఫంక్షన్‌కి, పైన డెకరేటర్ అనే ఇంకో ముక్క తొడిగాడు. లోపలి ఫంక్షన్ ఒకసారి రాసినదాన్ని అది తన దగ్గర దాచుకుంటుంది, మళ్లీ అడిగితే అదే తీసిస్తుంది. పని చకచకా అయిపోతుంది. ఎవరి పిలుపు వాళ్ల పేరు మీద విడిగా దాచమని చెప్పడం మాత్రం మన మేధావి మరిచిపోయాడు. బటన్ నొక్కి, దర్జాగా స్నానానికి పోయాడు.

తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఫోను ఆగకుండా మోగుతోంది. "ఏంది ఇలియాసూ, నేను సుభానీనెప్పుడయ్యా?" అన్నాడు పక్కింటి బ్రహ్మయ్య. "వకీలుగా నిలబడాలంటే మా పాస్టరుగారిని అడగొద్దా నాయనా?" అంది జ్ఞానమ్మ టీచరు. ఖాజీగారైతే మండిపడ్డారు. "నేనే వకీలునైతే నిఖా ఎవరు చదువుతారయ్యా?"

"ఇంట్లో అనుకోవాల్సిన మాట ఊరంతా చాటావు కదరా! ఇంక మా అన్న నా మొహం చూస్తాడా?" బీబీ తల కొట్టుకుంది.

"దాని తప్పేం లేదమ్మీ. దాచుకోమన్నా, దాచుకుంది," అన్నాడు ఇలియాస్ నీరసంగా.

అంతలో వాకిట్లో ఆటో ఆగింది. సుభానీ మామూ! బీబీ గబుక్కున తలుపు చాటుకి తప్పుకుంది. ఆయన మాత్రం చెల్లెల్ని దగ్గరికి తీసుకుని కళ్లు తుడుచుకున్నాడు.

"పొద్దుట్నుంచీ ఒకటే ఫోన్లు! ఖాజీగారితో సహా ఊరందరి ముందూ నాకు క్షమాపణ చెప్పారంటనే! ఇంత మర్యాద మన వంశంలో ఎవరికి జరిగిందే?"

ఇలియాస్ ఒళ్లు దగ్గర పెట్టుకుని డెకరేటర్‌ని సరిచేశాడు. ఈసారి ఎవరి పిలుపు వాళ్లకే, తప్పు లేకుండా వెళ్లింది.

సాయంత్రానికి బాబాయి ముబారక్ చిచ్చా అలిగాడు, తన పిలుపు తన ఒక్కడికే వచ్చిందని.